కొత్త పట్టణము – కూర్చుండి వేయవలసిన లెక్క

ధ్యానమునకు వాక్యభాగములు: లూకా 14:28–30, నెహెమ్యా 5:1–13



వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినములలో మన సంఘములలో కొత్త ముఖములు కనబడును. ఒంగోలు వైపు నుండి, కర్నూలు వైపు నుండి, శ్రీకాకుళము నుండి కుటుంబములు బెంగుళూరునకో, చెన్నైకో, ముంబయికో, బరంపురమునకో వచ్చి చేరును. ఆరాధన ముగిసిన తరువాత వరండాలో ఒక ప్రక్కగా నిలిచి, "వందనాలు అయ్యగారూ, ఈ నెలే వచ్చినాము" అని చెప్పుదురు. మనము సంతోషముతో చేయి కలుపుదుము. పిల్లల తలమీద చేయి వేసి ప్రార్థించుదుము. "దేవుడే చూచుకొనును, ధైర్యముగా ఉండండి" అని చెప్పి పంపుదుము.

ఆ మాట సత్యమే. అయితే దేవుడు ఎవరి చేతులతో చూచుకొనును అని మనలను మనము అడుగుకొనుట లేదు. ఈ మాసము ఆ ప్రశ్ననే మీ ముందు ఉంచగోరుచున్నాము.

ప్రభువు లెక్కను తృణీకరించలేదు

లూకా 14వ అధ్యాయములో ప్రభువు తన్ను వెంబడించుటకు అగు వెలను గూర్చి బోధించుచు, గోపురము కట్టదలచిన మనుష్యుని ఉపమానముగా చెప్పెను. ఆ మనుష్యుడు మొదట చేయవలసిన పని రాయి ఎత్తుట కాదు, పునాది త్రవ్వుట కాదు. కూర్చుండుట. కూర్చుండి, కొనసాగించుటకు తగినది తన యొద్ద ఉన్నదో లేదో చూచుకొనుట. ఆ లెక్క వేయనివాడు పునాది వేసి ఆగిపోవును, చూచినవారు నవ్వుదురు.

ఈ ఉపమానము శిష్యత్వమును గూర్చినది, నిజమే. అయినను వినువారందరు ఎరిగిన ఇంటి బుద్ధినే ప్రభువు ఉదాహరణగా తీసికొనెను. లెక్క వేయుట అవిశ్వాసమని మనలో కొందరు తలంచుచున్నారు. యోసేపు లెక్క వేయలేదా? ఏడు సమృద్ధి సంవత్సరములలో పంటలో ఐదవ వంతు తీసి నిలువచేయవలెనని ఫరోతో చెప్పినవాడు, దేవుని ఆత్మగలవాడని పిలువబడెను. కరవు వచ్చినప్పుడు ఊరు విడుచుటయు పాపము కాదు. అబ్రాహాము విడిచెను. యాకోబు విడిచెను. నయోమి కుటుంబము బేత్లెహేము విడిచి మోయాబునకు పోయెను. ఊరు విడిచినవారిని గూర్చి బైబిలు ఎక్కువగా మాటలాడును, వారిని తృణీకరించదు. అయితే లెక్క లేకుండ బయలుదేరినవాని బాధ ఏలాగుండునో మనము కన్నులార చూచుచున్నాము.

కాబట్టి కూర్చుందము. నిజముగా ఒక లెక్క వేయుదము.

ఒక ఇంటి లెక్క

బెంగుళూరునకు వచ్చిన ఒక కుటుంబము అనుకొందము. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు; తల్లి ఊరిలోనే ఉన్నది. ఉద్యోగ కాగితము మీద జీతము 24,000 రూపాయలు. ఊరిలో అందరికి చెప్పిన అంకె అదే. ప్రావిడెంటు ఫండుకు 1,800 పోగా చేతికి వచ్చునది 22,200.

ఇప్పుడు ఇల్లు. ఒక గది, వంటగది గల ఇంటికి నెలకు 10,000 అద్దె అనుకొందము. బెంగుళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగు వాడుక చాల కాలముగా ఉన్నది. బేరమాడినచో ఆరు నెలలకు దిగువారును కలరు. ఆరు నెలలే అనుకొందము. 60,000. మొదటి నెల అద్దె 10,000. బ్రోకరు ద్వారా దొరికినచో అతనికి ఒక నెల అద్దె, 10,000. పొయ్యి మీద పాలు పొంగించకముందే 80,000 రూపాయలు.

మన కుటుంబము తన యొద్దనున్న 20,000 తెచ్చెను. మిగిలిన 60,000 అప్పు చేసెను. నూటికి ఐదు రూపాయల వడ్డీ. వినుటకు ఐదు రూపాయలే. నెలకు 3,000. సంవత్సరమునకు 36,000. ఇరువది నెలలలో వడ్డీయే అసలంత అగును. అసలు మాత్రము అణా పైసయు తరగదు.

ఇప్పుడు నెల లెక్క చూడుడి. చేతికి వచ్చిన 22,200లో అద్దె 10,000 పోగా 12,200. వడ్డీ 3,000 పోగా 9,200. ఊరిలో తల్లికి 1,500 పోగా 7,700. బియ్యము, పప్పు, నూనె, పాలు, కూరలు కలిపి 6,000 పోగా 1,700. గ్యాసు, కరెంటు, నీళ్లు కలిపి 1,500 పోగా 200.

ఆ రెండు వందలలోనే భర్త బస్సు చార్జీలు, పిల్లల పుస్తకములు, ఫోను, జ్వరము వచ్చినచో మందు, ఆదివారము కానుక.

చెన్నైలో అడ్వాన్సు తక్కువ కావచ్చును గాని త్రాగు నీళ్లకు క్యాను కొనవలెను. ముంబయిలో పదకొండు నెలలకు ఒకసారి అద్దె ఒప్పందము తిరిగి వ్రాయించుట వాడుక. ఇల్లు మారినచో ఆ ఖర్చులన్నియు మరల మొదలు. అంకెలు ఊరి ఊరికి మారును. బాధ మారదు. హగ్గయి ప్రవక్త చిల్లులు పడిన సంచిలో జీతము వేసికొను కూలివానిని గూర్చి చెప్పిన మాట (హగ్గయి 1:6) ఇట్టి ఇంటికి సరిగా సరిపోవును.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించుడి. ఈ కుటుంబము త్రాగి పాడుచేసికొనలేదు. ఆడంబరము చేయలేదు. ఈ సంచికి పెద్ద చిల్లి ఒక్కటే, ఆ 3,000 వడ్డీ. అది లేకున్నచో నెలకు 3,200 మిగులును. పిల్లలు బడికి పోవుదురు, కుటుంబము నిలుచును. మరియు ఆ అప్పు దేనికొరకు చేసిరి? ఖర్చయిపోవు వస్తువు కొరకు కాదు. ఇంటి యజమాని యొద్ద ఉండి, ఇల్లు ఖాళీచేసినప్పుడు రంగుల ఖర్చు వంటిది పోగా తిరిగి రావలసిన సొమ్ము కొరకు. తమ సొమ్ము ఒకరి యొద్ద వడ్డీ లేక పడియుండగా, దానికొరకు వేరొకరికి వడ్డీ కట్టుచున్నారు.

మా సంఘములో జరిగినది

ఈ లెక్క మాకు ఎక్కడనుండి వచ్చినదో చెప్పవలెను. పేర్లు చెప్పము.

కనిగిరి ప్రాంతము నుండి ఒక కుటుంబము మా సంఘమునకు వచ్చెను. మూడు ఆదివారములు వచ్చిరి. తరువాత కనబడలేదు. పెద్ద సంఘమునకు పోయియుందురని అనుకొంటిమి. అది మాకు సులభమైన ఆలోచన. నాలుగు నెలల తరువాత వారి వీధిలో మరియొక ఇంటి ప్రార్థనకు పోయి, వారి తలుపు తట్టితిమి.

ఆ సహోదరి డికాషను తెచ్చి పెట్టి, "పాలు లేవు అయ్యగారూ, ఏమనుకోవద్దు" అన్నది. మందిరమునకు ఎందుకు రాలేదమ్మా అని అడిగితిమి. చాల సేపు ఏమియు చెప్పలేదు. తరువాత అన్నది: "నలుగురం వస్తే బస్సుకే వంద అవుతుంది. ఇక్కడ ఆడవాళ్లకి టికెట్టు లేదంటారు గాని, నా ఆధారు ఇంకా ఊరి అడ్రసుతోనే ఉంది. అదొక్కటే అయితే నడిచైనా వచ్చేవాళ్లం. అక్కడ ఆయన్ని చూస్తే తలెత్తలేం అయ్యగారూ."

ఎవరిని అని అడిగితిమి. మా సంఘములో ముందు వరుసలో కూర్చుండు సహోదరుని పేరు చెప్పెను. అడ్వాన్సు సొమ్ము ఆయనే ఇచ్చెను. నూటికి ఐదు రూపాయలు.

మేము ఆ దినము ప్రార్థన చేసి వచ్చితిమి. రెండు వారములు ఏమియు చేయలేదు. ఆ సహోదరుడు మందిరమునకు నాలుగు ఫ్యానులు ఇచ్చినవాడు. రెక్కల మీద ఆయన తండ్రి జ్ఞాపకార్థమని పేరు వ్రాయబడియున్నది. ఆ ఫ్యానుల క్రింద నిలిచి మేము ఆ రెండు ఆదివారములు ప్రసంగించితిమి. ఆ గాలి మాకు చల్లగా లేదు.

చివరకు ఆయన ఇంటికి పోయితిమి. ఆయన కోపపడలేదు. "బయట పది రూపాయలు తీసుకుంటారు అయ్యగారూ, నేను ఐదే తీసుకున్నాను. వాళ్లు ముందు ముగ్గురు నలుగురిని అడిగారు. ఒక్కరూ ఇవ్వలేదు. నేను ఇచ్చాను" అన్నాడు.

ఆ మాటకు మా యొద్ద జవాబు లేదు. వారు అడిగినవారిలో మా సంఘపెద్దలు ఉన్నారని తరువాత తెలిసినది. మమ్మును అడుగలేదు, ఎందుకనగా మేము వారికి అడుగుటకు సమయము ఇవ్వలేదు. చేయి కలిపి పంపితిమి.

నెహెమ్యా చెప్పిన లెక్క

ఆ రాత్రి నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము చదివితిమి. అంతకుముందు ఎన్నో సారులు ఆ గ్రంథము మీద ప్రసంగించితిమి. ఎల్లప్పుడు గోడను గూర్చియే. గోడ కట్టబడుచున్న దినములలోనే యెరూషలేము లోపల ఒక మొర పుట్టెను. కరవులో ధాన్యము కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టినవారు మొరపెట్టిరి. రాజు పన్ను కట్టుటకు అప్పు చేసినవారు మొరపెట్టిరి. పిల్లలను దాసులుగా ఇయ్యవలసివచ్చెనని ఏడ్చిరి. అప్పు ఇచ్చినవారు అన్యులు కారు. స్వంత సహోదరులే. బయట గోడ లేచుచుండగా లోపల సహోదరుడు కూలిపోవుచుండెను.

నెహెమ్యా చేసినది చూడుడి. మొదట కోపపడెను. తరువాత తనలో తాను ఆలోచించుకొనెను. తరువాత ప్రధానులను సభలో నిలిపి మాటలాడెను. వారు మౌనముగా ఉండిరి. 10వ వచనములో ఆయన తన్ను కూడ చేర్చుకొని మాటలాడెను: తానును, తన బంధువులును, తన దాసులును అప్పు ఇచ్చుచున్నవారేనని ఒప్పుకొనెను. వేలు ఎదుటివారి వైపు మాత్రమే చూపలేదు. తరువాత పొలములు తిరిగి ఇయ్యుడని, తీసికొనుచున్న నూరవ వంతును విడిచిపెట్టుడని చెప్పెను. ఆ నూరవ వంతు నెల వడ్డీ అని వ్యాఖ్యానకర్తలు అనేకులు చెప్పుదురు. మన లెక్కలో చెప్పినచో నూటికి ఒక్క రూపాయి. ఒక్క రూపాయికే నెహెమ్యా తన వస్త్రపు ఒడిని దులిపి చూపెను. ఐదు రూపాయలకు ఏమి చేసియుండును?

మరుసటి వారము ఆ సహోదరుని యొద్దకు మరల పోయి, ఆయన ఎదుట మొదట మా తప్పిదము ఒప్పుకొంటిమి. తరువాత ఈ అధ్యాయము కలిసి చదివితిమి. ఆయన చాల సేపు ఊరకుండెను. అప్పటికి వారు ఐదు నెలల వడ్డీ 15,000 కట్టియుండిరి. దానిని అసలు క్రింద వ్రాసికొనుటకు ఆయన ఒప్పుకొనెను. మిగిలిన 45,000ను నెలకు 3,000 చొప్పున పదునైదు నెలలలో వారు తీర్చుదురు. ఆ కుటుంబము మరల మందిరమునకు వచ్చుటకు ఇంకను రెండు నెలలు పట్టెను. వెనుక బెంచీలో కూర్చుండిరి. ప్రభురాత్రి భోజనము దినమున ఆ సహోదరుడే లేచి వెనుకకు పోయి వారి ప్రక్కన కూర్చుండెను. మేము అంతకంటె గొప్ప ప్రసంగము ఎన్నడును చేయలేదు.

అదే మూడు వేలు

ఇప్పుడు మరల లెక్కకు రండి. 60,000 అప్పునకు నెలకు 3,000 వడ్డీగా ఇరువది నెలలు కట్టినచో, ఇరువది నెలల తరువాతను అప్పు 60,000 అట్లే నిలిచియుండును. అదే 3,000ను వడ్డీ లేని అప్పునకు ఇరువది నెలలు కట్టినచో అప్పు పూర్తిగా తీరిపోవును. జీతము అదే. కుటుంబము అదే. కట్టు సొమ్ము అదే. మారినది ఒక్కటే: ఇచ్చినవాడు సహోదరునివలె ఇచ్చెనా లేదా అనునది.

పది కుటుంబములు తలకు 6,000 చొప్పున వేసినచో 60,000 అగును. అది దానము కాదు, పోవు సొమ్ము కాదు. ఇరువది నెలలలో తిరిగి వచ్చి మరియొక కుటుంబమునకు అడ్వాన్సు అగును. చిన్న సంఘము సయితము చేయగలిగిన పని ఇది. స్త్రీల సమాజము లెక్క పుస్తకము వ్రాయవచ్చును. చిల్లర పొదుపులో మన సహోదరీలకున్న నమ్మకత్వము మనకు తెలియును. ఇచ్చిన సొమ్మునకు కాగితము ఉండవలెను. అద్దె ఒప్పందమును, అడ్వాన్సు రసీదును జాగ్రత్తపరచవలెను. అప్పుడప్పుడు ఒకరు తిరిగి ఇయ్యలేకపోవుదురు. దానికి ముందే సిద్ధపడవలెను. నిర్గమకాండము 22:25 బీదవాడైన సహోదరునికి వడ్డీకి ఇయ్యవద్దని ఆజ్ఞాపించునప్పుడు, నష్టము రాదని మాట ఇయ్యలేదు.

సొమ్ము లేని సంఘము కూడ చేయగల సహాయములు కలవు. మన వీధిలో ఖాళీ ఇల్లు చూచి చెప్పినచో బ్రోకరుకు పోవు 10,000 మిగులును. జాతీయ ఆహారభద్రత చట్టము క్రింది రేషను కార్డు ఉన్నవారు 2022 నుండి దేశములోని ఏ రాష్ట్రములోనైనను వేలిముద్ర వేసి బియ్యమో గోధుమలో తీసికొనవచ్చును. తల్లి ఊరిలో తన భాగము, కుమారుడు ఇక్కడ తన భాగము తీసికొనవచ్చును. ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లవానికి టి.సి. రాలేదని ప్రభుత్వ పాఠశాల చేర్చుకొనకుండుటకు 2009 విద్యాహక్కు చట్టము ఒప్పుకొనదు. అడ్రసు రుజువు లేనివారికి ఐదు కిలోల చిన్న గ్యాసు సిలిండరు దొరకును. కేంద్ర ప్రభుత్వము 2021లో రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టము నివాసమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదని చెప్పుచున్నది. అది మాదిరి మాత్రమే, రాష్ట్రము తన చట్టముగా చేసికొన్నప్పుడే చెల్లును. అయినను మనలో అద్దెకు ఇండ్లు ఇచ్చు విశ్వాసులకు ఆ మాదిరిని పాటించుటకు ఏ చట్టము అడ్డు?

ఇది మనకు కొత్త సంగతి కాదు. 1876–78 మహా కరవులో క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతపు ప్రజలకు ప్రార్థన మాత్రమే చేయలేదు. బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ల పనిని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. కరవు పని సాగినంత కాలము బాప్తిస్మములు ఇయ్యక ఆపెను. అన్నము కొరకు ఎవరును విశ్వాసమును అమ్ముకొనకూడదని. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఆ వేరునుండి మొలచిన కొమ్మలము. కనుక సహాయమును ఎరగా చేయకూడదు. మన సంఘములో చేరినను చేరకున్నను సహోదరుడు సహోదరుడే. అట్లని ప్రార్థనతో సరిపెట్టుకొనుటయు కూడదు.

కొరింథు సంఘము ఏలాగు మొదలైనది? రోమా నుండి వెళ్లగొట్టబడి క్రొత్తగా వచ్చిన అకుల ప్రిస్కిల్లలు, తమవలెనే పరదేశియైన పౌలును తమ ఇంట ఉంచుకొని తమతో పనిలో పెట్టుకొనిరి (అపొ. కార్య. 18:1–3). ముందుగా వచ్చినవారు తరువాత వచ్చినవానికి చోటు ఇచ్చిరి. ఇక్కడ ముప్పది, నలువది సంవత్సరములుగా స్థిరపడినవారమైన మనకు ఇదియే మాదిరి.

వచ్చుచున్నవారికి ఒక మాట

బయలుదేరకముందు భార్యాభర్తలు కలిసి కూర్చుండుడి. కాగితము మీది జీతము కాక చేతికి వచ్చునది వ్రాయుడి. అడ్వాన్సు ఎక్కడనుండి వచ్చునో మొదట తేల్చుకొనుడి. వీలైనచో ఒకరు ముందు వచ్చి, రెండు నెలలు సంపాదించి, ఇల్లు చూచిన తరువాత కుటుంబమును తీసికొనిరండి. ఊరిలోనివారికి పెద్ద అంకె చెప్పి, ఆ అంకెను నిలువబెట్టుకొనుటకు అప్పు చేయవద్దు. మరియు చేతిలో కానుక లేదని, మంచి చీర లేదని మందిరము మానవద్దు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూచెను. సంఘ చందా బాకీల పట్టికను ఆరాధనలో చదువు సంఘములారా, ఆ పట్టికను దయచేసి మడిచి పెట్టెలో పెట్టుడి. అది విని రాకపోయినవారి పట్టిక మీ యొద్ద లేదు.

వచ్చే ఆదివారము వరండాలో ఒక కొత్త కుటుంబము నిలిచియుండవచ్చును. చేయి కలుపుడి. ప్రార్థించుడి. తరువాత ఒక్క ప్రశ్న అడుగుడి: "ఇల్లు దొరికిందా అమ్మా? అడ్వాన్సు ఎట్లా కట్టారు?" అడిగి, జవాబు వచ్చువరకు అక్కడనే నిలిచియుండుడి.

ప్రార్థింతము

పరదేశులను కాపాడు తండ్రీ, మేమును ఒక దినమున పెట్టె నెత్తిన పెట్టుకొని ఈ పట్టణములలో దిగినవారమని మరచితిమి. మమ్మును క్షమించుము. మా లెక్క పుస్తకములను నీ ఎదుట తెరచుచున్నాము. మేము తీసికొనకూడనిది తీసికొనియుంటే తిరిగి ఇచ్చు మనస్సు దయచేయుము. క్రొత్తగా వచ్చినవారి ఇండ్లలో దీపము ఆరిపోకుండ మా చేతులను వాడుకొనుము. మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.